ఆవు బొమ్మ పక్కసందు

పుంగనూరు బస్టాండు దగ్గర చింతపండు గోదాము గోడంటే ఊళ్లో మగవాళ్లందరికీ ఉమ్మడి ఆస్తి. బస్సు దిగినవాడు, బస్సెక్కబోయేవాడు, సంతకు వచ్చినవాడు, ఎవరైనా సరే ఆ గోడకు ఎదురుగా కాసేపు నిలబడి పోవడం తాతలనాటి హక్కు. ‘ఇచ్చట మూత్రము పోయరాదు’ అని ఎవరో ఎప్పుడో రాసిన అక్షరాలు కూడా ఆ తడికే చెరిగిపోయాయి. అలాంటి గోడకు రెండువేల ఎనిమిదో సంవత్సరం మాఘమాసంలో తెల్లరంగు పడింది.

బెంగుళూరు నుంచి బొమ్మలు వేసేవాళ్లు వచ్చారు. మూడూళ్లలో గోడబొమ్మల పండగ అన్నారు. మదనపల్లెలో టమోటా మార్కెట్టు గోడ అయిపోయింది. కుప్పంలో రామకుప్పం అడవి ఏనుగులను వేస్తారట. పుంగనూరుకు మాత్రం ఇంకేం వేస్తారు, పుంగనూరు పొట్టి ఆవునే వేశారు. అసలు ఆవు మనిషి నడుము దాటదు గానీ గోడ మీది ఆవు గోదాము కప్పును అందుకునేటట్టు ఉంది. జనం బస్సులు వదిలేసుకుని మరీ చూశారు. సెల్‌ఫోన్లు ఎత్తి ఫోటోలు తీసుకున్నారు. ఆవు కాళ్లు గోడ అడుగుదాకా వచ్చేసరికి ఆ గోడ దగ్గర నిలబడడానికి ఒక్క మగవాడికీ మనసు రాలేదు. గోమాత మీద ఎవరు పోస్తారు?

ఆవు వచ్చినందుకు అందరికంటే ఎక్కువ సంబరపడింది మునిరత్నమ్మ. గోదాము గోడ మలుపు తిరిగే చోట, పక్కసందు మొదట్లో ఒక నల్లబండ ఉంది. ఆమె అత్త ఆ బండ మీద కూర్చుని పూలమ్మింది, ఇప్పుడు ఈమె అమ్ముతోంది. ముఖం పెద్దరోడ్డుకు, వీపు సందుకు. గాలి వాటం మారినప్పుడల్లా రోడ్డు మీది గోడ కంపు ఆమె బుట్ట మీదుగా పోయేది. ఇంక ఆ బాధ తీరిందని, కర్రలతో కట్టిన సారవ మీద నిలబడి ఆవు గంగడోలుకు రంగు వేస్తున్న అమ్మాయిని కిందికి పిలిచి మూరెడు కనకాంబరాలు జడలో పెట్టింది. ఆ అమ్మాయి పేరు యమున. కుప్పం పిల్ల, బెంగుళూరులో బొమ్మల చదువు చదువుతోంది.

ఆ సంబరం మర్నాటికి ఉంటే ఒట్టు. సోమవారం పొద్దున మునిరత్నమ్మ అరటినార తడిపి ఒళ్లో వేసుకుని చామంతులు రెండేసి రెండేసి ముడివేస్తూ ఉండగా వీపు వెనక చెప్పుల చప్పుడైంది. ఆ తర్వాత గోడకు నీళ్లు కొట్టిన చప్పుడు. ఆమె చేతిలో ముడి జారిపోయింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని తల ఇంకాస్త రోడ్డు వైపుకు తిప్పుకుంది. చెప్పులు వెళ్లిపోయాయి. పువ్వు మీద పువ్వు పెట్టేలోపల ఇంకో జత వచ్చింది. పొద్దెక్కేసరికి ఆమెకు సంగతి అర్థమైంది. గోడకు బొమ్మ వేశారు గానీ మగవాళ్లకు వేరే చోటు చూపలేదు. వాళ్లు మలుపు తిరిగి సందులోకి వచ్చారు, అంతే.

ఇది ఎవరితో చెప్పుకోవాలి? చెప్పుకుంటే సిగ్గుచేటు. ఆడమనిషి నోట రావలసిన మాటా అది? పూలు కొనడానికి వచ్చిన ఆడవాళ్లు సందులోకి ఒక్క చూపు చూసి, చటుక్కున తల తిప్పుకుని, బేరం ఆడకుండా పోయారు. బేరమాడకుండా పోయే మనిషి తిరిగి రాదని మునిరత్నమ్మకు తెలుసు.

బుధవారం బట్టలంగడి సుబ్రహ్మణ్యం వచ్చాడు. బట్టలంగళ్ల వీధికి ఆయనే పెద్ద. విభూతి రేఖలు చెదరవు, తెల్లపంచె నలగదు. తెల్లారి దుకాణం తెరవగానే దేవుడి పటాలకు రెండు మూరల చామంతి ఈమె దగ్గరే. ఆయన కొంటాడని వీధిలో అన్ని అంగళ్లూ ఈమె దగ్గరే కొంటాయి. పండగలు, పెళ్లిళ్లు పక్కన పెడితే మునిరత్నమ్మ పొయ్యి వెలిగేది ఆ వీధి పూలతోనే.

ఆయన ఎప్పటిలా బండ దగ్గరికి రాలేదు. రోడ్డు మీదే నిలబడి, పైపంచె ముక్కుకు ఆనించుకున్నాడు.

“ఏమమ్మా మునిరత్నమ్మా, ఏంది ఈ కంపు?”

“నేనేం జేసేది సామీ? ఆవు బొమ్మ ఏసినప్పటి నుంచి అందరూ ఈ పక్కకొస్తాండారు.”

“నీ తప్పు ఉండాదని నేను అనలేదు. కానీ పూలు దేవుడి మీదికి పోయేవి గదా. ఆ తడి పక్కన కూర్చుని కట్టిన పూలు నేనెట్ల వేసేది చెప్పు? మడికి పనికిరావమ్మా.”

ఆమె కట్టిన మాల ఎత్తి చూపింది. “సూడు సామీ, ఆకు కింద పెట్టి, తడిగుడ్డ కప్పి పెట్టినా. ఒక్క సుక్క పడలేదు.”

“పడిందా లేదా అని నేను వాసన చూసేదా?” అన్నాడాయన. కోపంగా ఏమీ అనలేదు, నిజంగానే నొచ్చుకుంటున్నట్టు అన్నాడు. “ఆదివారం బొమ్మ ప్రారంభం ఉండాది. అంతదాకా చూస్తా. అప్పటికీ ఇట్లే ఉంటే బస్టాండు లోపల కూర్చునే పూలమ్మ కాడ పూలు మాట్లాడుకుంటాం. వీధి వీధంతా నన్ను చూసే కొంటారు, నీకు తెలవనిదేముంది?”

ఆ పూట ఆయన ఉత్తచేతులతో పోయాడు. ఈ బండ మీంచి లేస్తే మునిరత్నమ్మకు పుంగనూరులో ఇంకో చోటు లేదు. గుడి ముందరి చోట్లు గుడి ముందరివాళ్లవి, బస్టాండు లోపల పూలమ్మది, సంతగేటు దగ్గర సదుం నుంచి వచ్చేవాళ్లది. పూలమ్మేవాళ్లు ఒకరి చోట ఒకరు కూర్చోరు. కూర్చుంటే తలలు పగులుతాయి.

గురువారం తెల్లారకముందే వచ్చి సందంతా కడిగింది. బ్లీచింగు పొడి చల్లింది. గోడ పొడుగునా సున్నపు గీత గీసి, పసుపు కుంకాలు పెట్టి, దాని ముందు పద్మం ముగ్గు వేసింది. ముగ్గు తొక్కడానికి మనిషన్నవాడు వెనకాడతాడని ఆమె ఆశ. మొదట వచ్చినవాడు నిజంగానే వెనకాడాడు. చెప్పులు ఒక్క క్షణం ఆగాయి, ముగ్గు పక్కగా జరిగాయి, ఆ పక్కన నిలబడ్డాయి. పొద్దు నెత్తికెక్కేసరికి పద్మం కరిగి బండ వైపు కాలువ కట్టింది.

రోడ్డుకు అవతల జిరాక్సు అంగడి పెట్టుకున్న ఓబులేసు ఇదంతా చూసి నవ్వుకుంటూ వచ్చాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

“ముగ్గుకు యాడ బెదురుతారక్కా! దేవుడి టైల్సు అతికించు. ఎంకటేశ్వరసామి, ఏసుప్రభువు, మక్కా, మూడూ వరసగా పెట్టు. యా మతమోడూ నిలబడడు.”

“అమ్మో! దేవుణ్ణి దెచ్చి ఈ కంపులో కాపలా కూర్చోబెట్టమంటావా? తాగినోడొకడు వచ్చి ఆడనే పోస్తే ఆ పాపం ఎవురికప్పా? పోసినోడికా, దెచ్చి ఆడ పెట్టిన నాకా?”

ఓబులేసు తల గోక్కున్నాడు. ఆ లెక్క అతనికీ తేలలేదు.

“అసలు యా ఊరోళ్లు ఓబులేసూ వీళ్లు?”

“ఇంకెవురు? బస్సు దిగినోళ్లక్కా. ఆ పక్క కర్ణాటకోళ్లు. మనూరోళ్లు ఇట్లాంటి పని జేస్తారా? నువ్వు ముఖం అట్ల తిప్పుకో, అయిపోతాది.”

తిప్పుకుంటూనే ఉంది గదా! నాలుగు రోజులుగా తిప్పి తిప్పి మెడ పట్టేసింది. ఏ ఒక్కడి ముఖమూ ఆమె చూడలేదు. చూడకూడదని చిన్నప్పుడే నేర్చుకుంది. దారిలో మగవాడు గోడకు తిరిగితే తల దించుకోవలసింది ఆడది, ఆ సిగ్గు ఆడదానిది. ఇలా ఎందుకని ఆమె తల్లి అడగలేదు, అత్త అడగలేదు. ఈమె కూడా అడగలేదు.

ఇంక తట్టుకోలేక ఆ సాయంత్రం సారవ కిందికి పోయి నిలబడింది. యమున పైనుంచి దిగింది. చేతులకు మోచేతుల దాకా గోధుమరంగు. మునిరత్నమ్మ సగం చెప్పి సగం మింగింది. ఆ అమ్మాయి మలుపు దాకా వచ్చి సందు చూసి, అక్కడే ఆగిపోయింది.

“అయ్యో అక్కా, మాకు తోచనే లేదే! గోడ బాగయితాదని అనుకుంటిమి గానీ వాళ్లంతా యాడికి పోతారని ఒక్కరమూ అనుకోలేదు.”

“ఈ గోడకూ ఏదో ఒకటి ఏసిపోమ్మా. నీకు పుణ్యముంటాది.”

“ఏస్తానక్కా. మిగిలిన పసుపురంగు ఉండాది. గోడంతా చామంతులు ఏస్తా, నీ బుట్టలో మాదిరి. శనివారం ఖాయంగా ఏస్తా.”

మునిరత్నమ్మకు ప్రాణం లేచివచ్చింది. ఇంటికి పోయేటప్పుడు అడుగు తేలికగా పడింది. ఆదివారం సుబ్రహ్మణ్యం వచ్చేసరికి గోడ మీద చామంతులు, బండ మీద చామంతులు. ఇంకేం కావాలి?

గోడలకు చెవులుంటాయంటారు. ఈ గోడకు కాళ్లు కూడా ఉన్నట్టున్నాయి. శుక్రవారం పొద్దున ఇడ్లీబండి శాంతకుమారి గరిటె చేత్తో పట్టుకునే వచ్చేసింది. ఆమె బండి ఇంకో సందు అవతల, ఇదే గోదాము వెనక గోడ దగ్గర.

“ఏమే మునిరత్నమ్మా, నీ గోడకు పూలు ఏపించుకుంటాండావంటనే?”

“ఎవురు సెప్పినారు?”

“ఎవురో సెప్పినార్లే. ఏపిస్తే ఈ మందంతా యాడికి పోతాది? నా ఇడ్లీబండి కాడికే గదా! పూల కాడ కంపుంటే పూలు అమ్ముడుబోవు, అంతే. తినేదాని కాడ కంపుంటే నన్ను తంతారు మే!”

“మరి నేను యాడికి పోవాల? నా కాడికి వచ్చేటప్పుడు నువ్వు వచ్చి అడిగితివా?”

“నన్నడుగుతావేం? పోయి ఆ ఆవునడుగు!”

చుట్టూ నలుగురు చేరారు. నవ్వారు కూడా. మునిరత్నమ్మకు నోటి దాకా బూతు వచ్చింది. కానీ శాంతకుమారి మాటకొకసారి తన బండి వైపు తిరిగి చూసుకోవడం గమనించింది. సోమవారం నుంచి తనూ బుట్టను అట్లాగే చూసుకుంటోంది. తిట్టడానికి మనసు రాలేదు.

“ఆ బొమ్మల పిల్ల రంగుడబ్బా దెచ్చిందంటే కాలితో తన్నేస్తా, సెప్తాండా,” అని శాంతకుమారి వెళ్లిపోయింది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ పగలంతా మునిరత్నమ్మ ఏం కట్టిందో ఆమెకే తెలియదు. మాలలు ఒకచోట ఒత్తుగా, ఒకచోట పలచగా వచ్చాయి. బొమ్మ వేస్తే శాంతకుమారి ఉసురు. వేయకపోతే తన పొట్ట. సగం గోడకు వేయమందామా అనుకుంది. సగం వేస్తే మిగతా సగానికి వస్తారు. ఎటు తిప్పినా ముడి పడటం లేదు.

శనివారం యమున వచ్చింది గానీ రంగులతో రాలేదు. భుజాన సంచీ ఉంది. రోడ్డు మీద వ్యాను ఆగి హారను కొడుతోంది.

“అక్కా, కుప్పంలో పని ఎనకబడిందంట. అందరినీ రమ్మంటాండారు. నేను ఉంటానంటే మా సారు ఒప్పుకోలా.” ఆ అమ్మాయి మునిరత్నమ్మ ముఖంలోకి చూడలేకపోయింది. “ఇడ్లీ అమ్మేయమ్మ నా కాడికీ వచ్చింది. ఆయమ్మ చెప్పేదీ నిజమే గదక్కా. దీనికేస్తే దానికి పోతారు, దానికేస్తే ఇంకోదానికి. ఊర్లో ఎన్ని గోడలకని ఏసేది?”

“కుప్పంలో ఏసే గోడ కాడ ఎవురన్నా కూర్చుంటారేమో ముందే సూడమ్మా,” అంది మునిరత్నమ్మ. ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే అంది.

యమున తలూపి వ్యానెక్కింది.

ఆదివారం బస్టాండు ముందు షామియానా లేచింది. ఆవు బొమ్మ ఎదురుగా వేదిక, కుర్చీలు, మైకు. పెద్దమనుషులకు వేసే దండలు ఈసారి పూలమ్మ కట్టిందని మునిరత్నమ్మకు పొద్దున్నే తెలిసింది. ఎవరూ ఆమెకు చెప్పలేదు. దండల బుట్ట ఆమె ముందు నుంచే పోయింది. ఏడవాలనిపించింది. ఏడిస్తే బోణీ కాదని ఊరుకుంది.

జనం కమ్ముకొచ్చారు. మదనపల్లె బస్సులు, పలమనేరు బస్సులు, సదుం ఆటోలు. అంత జనం వస్తే ఇంక సందు సంగతి చెప్పాలా? చప్పుడు ఆగడం లేదు. చూస్తుండగానే ఆ తడి బండ అడుగుకు వచ్చేసింది. పూలబుట్ట కింది గోనెపట్టా అంచు తడిసింది. మునిరత్నమ్మ ఒక్క గెంతున లేచి బుట్టను ఎత్తి బండకు రోడ్డు వైపు చివర పెట్టింది. బుట్ట ఈ చివరకు వచ్చాక తను కూర్చోవడానికి సందు వైపు చోటు ఒక్కటే మిగిలింది. వీపు రోడ్డుకు, ముఖం సందుకు.

అలాగే కూర్చుంది. అలవాటు చొప్పున తల దించుకుంది. దించితే చెప్పులే కనబడతాయి గదా. ఎదురుగా ఎడమకాలి బొటనవేలి పట్టీకి నల్లదారంతో కుట్టు వేసిన చెప్పులు వచ్చి నిలబడ్డాయి. ఆ కుట్టు ఆమెకు తెలుసు. రోజూ రోడ్డు దాటి తన బండ దగ్గరికి కబుర్లకు వచ్చే చెప్పులవి.

మునిరత్నమ్మ తలెత్తింది.

గోడకు తిరగబోతున్న ఓబులేసు ఆమె చూపు తగిలి బిగుసుకుపోయాడు.

“అదేందక్కా, ఇట్ల తిరిగి కూర్చుంటివి?”

ఆమె చూపు తిప్పుకోలేదు. ఓబులేసు ఒకసారి ఆకాశం చూశాడు, ఒకసారి గోడ చూశాడు. ఏదో మర్చిపోయినవాడిలా నుదురు కొట్టుకుని వెళ్లిపోయాడు.

ఏం చేసిందో ఆమెకే భయంగా ఉంది. అయినా తల దించలేదు. ఆ వెనక ఇత్తడి సామాన్ల అంగడాయన వచ్చాడు. పాల డిపో ఆయన వచ్చాడు. రోజూ ఆమె దగ్గర పెళ్లానికి మల్లెలు కొనే కండక్టరు వచ్చాడు. ఒక్కొక్కరూ ఆమె కళ్లను చూసి, ఆగి, మెల్లగా వెనక్కు తిరిగారు. కర్ణాటకవాళ్లు ఒక్కరూ లేరు. అంతా తన పూలు కొనే ఊరివాళ్లే. వారం రోజులుగా తను ఎవరి ముఖాలు చూడకుండా సిగ్గుపడిందో వాళ్లంతా పొద్దున లేస్తే పలకరించే మనుషులే. ఆమెకు మొదట నమ్మబుద్ధి కాలేదు. తర్వాత ఒళ్లు మండింది.

అప్పుడు తెల్లపంచె వచ్చింది. నలగని పంచె, చెదరని విభూతి. వేదిక మీద సభ మొదలు కాకముందే పని ముగించుకుని పోదామని సుబ్రహ్మణ్యం గబగబా మలుపు తిరిగాడు. పంచె అంచు పైకి తీసుకుంటూ ముఖం ఎత్తి, మునిరత్నమ్మను చూశాడు.

పంచె అంచు జారిపోయింది.

“నువ్వు... ఆ పక్కకు తిరగమ్మా,” అన్నాడు నసుగుతూ.

“తిరగను సామీ.”

ఆ మాట తన నోటి నుంచి వచ్చిందని ఆమెకే ఆశ్చర్యం వేసింది. అయిపోయింది, ఇంక వీధి పూలు లేనట్టే, ఈ బండా లేనట్టే అనుకుంది. అయినా చూపు తిప్పలేదు. ఆయన వెనక్కు తిరిగాడు.

మైకులో మాటలు మొదలయ్యాయి. ఒకరు ఆవు గొప్ప చెప్పారు. ఇంకొకరు పుంగనూరు గొప్ప చెప్పారు. గోడబొమ్మల వల్ల ఊరు ఎంత శుభ్రపడిందో మూడో ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. మునిరత్నమ్మ మల్లెమొగ్గలు ఒళ్లో పోసుకుని సందుకు ఎదురుగానే కట్టుకుంటూ కూర్చుంది. మలుపు దాకా వచ్చినవాళ్లు వచ్చినట్టే పోతున్నారు. అవతలి సందు నుంచి శాంతకుమారి వచ్చి కాసేపు నిలబడి చూసింది. తిరిగి పోయింది. కాసేపటికి ఆమె ఇడ్లీబండి చక్రాలు కిర్రుమన్నాయి. తనూ గోడను చూస్తూ నిలబడేటట్టు బండిని వెనక గోడ వైపుకు తిప్పుకుంటోంది.

ఉపన్యాసం ఇంకా ముగియలేదు. సుబ్రహ్మణ్యం మళ్లీ వచ్చాడు. ఈసారి గబగబా రాలేదు. అడుగులు చిన్నచిన్నగా పడుతున్నాయి, నుదుట చెమటకు విభూతి తడిసింది. సందులోకి చూశాడు. ఆమె ఉంది. గోడ వైపు పోలేదు. బండ దగ్గరికే వచ్చాడు, రోజూ పూలు కొనేటప్పుడు నిలబడేంత దగ్గరికి. పైపంచె ముక్కుకు పెట్టుకోలేదు. గొంతు బాగా తగ్గించాడు.

“మునిరత్నమ్మా, నువ్వు యాడికి పోతావమ్మా?”

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక నార చేతిలోనే ఉండిపోయింది. ఇన్నేళ్లలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

“నేను యాడికీ పోను సామీ. ఉగ్గబట్టుకుంటా.”

“ఎంతసేపు?”

“పొద్దున ఇంట్లోంచి వచ్చినప్పటి నుంచి, బుట్ట కాళీ అయి ఇంటికి పొయ్యేదాకా. దప్పికైనా నీళ్లు తాగను.”

“రోజూనా?”

“రోజూనే సామీ. శాంతకుమారీ అంతే. ఆ బస్టాండులో పూలమ్మా అంతే.”

మైకులో ఆయన పేరు పిలిచారు. వర్తకుల తరఫున రెండు మాటలు మాట్లాడాలని పిలిచారు. మళ్లీ పిలిచారు. సుబ్రహ్మణ్యం రెండు చేతులతో పంచె బిగించి పట్టుకుని, ఆమెను చూస్తూ అక్కడే నిలబడి ఉన్నాడు.